ఓడ తాత ఆచూకీ దొరికింది, అందరికీ కృతజ్ఞతలు

మా ముత్తాతగారి పెద్దన్నయ్య కలింగపట్నం దగ్గరి మా ఊరి నుంచి ఓడెక్కి వెళ్ళిపోయారు. మా వంశంలో సముద్రం దాటిన మొదటి మనిషి ఆయనే. ఇంట్లో ఓడ తాత అనేవారు తప్ప ఏ దేశం వెళ్ళారో, ఏమయ్యారో ఎవరికీ తెలీదు. ఇప్పుడు తెలిసింది. 1872లో మారిషస్‌లో దిగారు.

ముందుగా శ్రీకాకుళంలోని ఒక రిటైర్డ్ మాస్టారికి నా నమస్కారాలు. అప్పట్లో మన శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది, పాత కాగితాల్లో చికాకోల్ అని రాసేవారు, అలా వెతకమని దారి చూపింది ఆయనే. 1866 కరువు గంజాంని ఎంత దెబ్బతీసిందో కూడా ఆయన దగ్గరే విన్నాను. ఆ కరువులో పశువులన్నీ పోయాయని మా మామ్మ చెప్పేది.

మారిషస్‌లో మోకా అనే ఊళ్ళో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. వలస కూలీల రిజిస్టర్లు అక్కడే భద్రంగా ఉన్నాయి. ప్రతి మనిషికీ ఒక నంబరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, కులం, ఊరు, ఒంటి మీద గుర్తులు. అక్కడి సిబ్బంది ఎంతో ఓపిగ్గా వెతికి పంపిన వివరాల్లో ‘నుదుటి మీద మచ్చ’ అని ఉంది. చిన్నప్పుడు ఎద్దు కొమ్ము తగిలి ఓడ తాతకి నుదురు చీలిందని మామ్మ తన మామగారి నోట విని మాకు చెప్పింది. తండ్రి పేరు కలిసింది, ఊరు కలిసింది, కానీ ఆ మచ్చ గురించి చదివినప్పుడు మాత్రం నాన్నగారికి ఏడుపు ఆగలేదు. మామ్మ ఉండుంటే ఎంత బాగుండేది!

చెరకు తోటలో కూలి ఒప్పందం గడువు తీరాక ఆయన తిరిగి రాలేదు. పెద్ద తోటల్ని ముక్కలు చేసి అమ్ముతున్న రోజుల్లో కూలి డబ్బు కూడబెట్టి కొంచెం నేల కొన్నారు. కూలీగా వెళ్ళిన మనిషి సొంత చెరకు వేశాడంటే అది చిన్న విషయం కాదు. ఈ సంగతి చెప్పింది ఆయన మునిమనవరాలు. ఆ అక్కయ్యని వెతికి పట్టుకుని మాతో మాట్లాడించిన అక్కడి తెలుగు కుటుంబానికి మేం ఎప్పటికీ రుణపడి ఉంటాం. వాళ్ళింట్లో ఇప్పటికీ సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండగ చేస్తారట.

ఊరి పెద్దలకీ, పాత దస్తావేజులు చదివిపెట్టిన బాబాయికీ ధన్యవాదాలు.

ఈ మహాలయ అమావాస్యకి ఓడ తాత పేరు చెప్పి తర్పణం వదులుతున్నాం. అక్కయ్య వాళ్ళు సంక్రాంతికి వస్తామన్నారు. మీ ఇళ్ళల్లోనూ ఇలా ఓడెక్కి వెళ్ళినవాళ్ళుంటే చెప్పండి, నాకు తెలిసినంతలో వెతకడానికి సాయం చేస్తాను.