వేలిముద్రలు చూసి కెరీర్ చెప్పేస్తారా?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రిక మడతలో ఒక రంగుల కరపత్రం వచ్చింది. ‘మీ పిల్లల ఐక్యూ తెలుసుకోండి, సరైన కెరీర్ ఎంచుకోండి’ అని. మామూలుగా అయితే అలాంటివి మా ఇంట్లో అలమరలో పరుచుకోవడానికి పనికొస్తాయి. ఈసారి మాత్రం మొత్తం చదివాను. ఎందుకంటే మా మనవరాలు ఎనిమిదో తరగతి చదివే ప్రైవేటు స్కూల్లో ఇలాంటి పరీక్షే ఇంతకుముందు పెట్టారు. రెండున్నర వేలు కట్టించుకున్నారు. గంటసేపు కంప్యూటర్ ముందు ప్రశ్నలు, ఆ తర్వాత పది వేళ్ల ముద్రలు. వారం తిరిగేసరికి నలభై పేజీల రిపోర్టు చేతిలో పెట్టారు. ఐక్యూ 94 అట. లెక్కలూ ఇంజనీరింగూ వద్దు, ‘క్రియేటివ్ రంగాలు’ మేలు అట. పిల్ల ఆ కాగితాలు పట్టుకుని నా దగ్గరకొచ్చింది. ‘‘94 అంటే పాసా, ఫెయిలా తాతయ్యా?’’

నేను ముప్పై ఒక్క ఏళ్లు ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చెప్పి రిటైరయ్యాను. సైకాలజీ చదివినవాణ్ని కాదు. కానీ ఎవడు పనిమంతుడవుతాడో ముందే చెప్పబోయి చాలాసార్లు బోర్లా పడ్డవాణ్ని. అందుకని ఈ ఐక్యూ సంగతేమిటో తెలుసుకుందామని కూర్చుని కొంత చదివాను.

1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడర్ సిమోన్ తయారుచేసిన పరీక్షే ఈ ఐక్యూ పరీక్షలకి మూలం. అది ఉద్యోగాలు పంచడానికి పుట్టలేదు. బడిలో వెనకబడుతున్న పిల్లలెవరో గుర్తించి, వాళ్లకి విడిగా సాయం చేయడానికి పుట్టింది. ఆ పనికి ఇప్పటికీ వాడుతున్నారు. వాడాలి కూడా. మానసిక వైకల్యం ఉన్న పిల్లలకి సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు సైతం ఐక్యూ ఒక్కటే చూడరు. బిడ్డ తనంతట తాను అన్నం తింటోందా, బట్టలు వేసుకుంటోందా, నలుగురితో కలుస్తోందా అని కూడా లెక్క వేస్తారు. ఇక సగటును 100గా పెట్టిన ఈ కొలతలో ప్రతి ముగ్గురిలో ఇద్దరు 85, 115 మధ్యలోనే ఉంటారు. అంటే మా పిల్ల 94తో జనం మధ్యలోనే ఉంది. ఆ ముక్క నలభై పేజీల్లో ఎక్కడా రాయలేదు.

ఆ రిపోర్టు చివర ఒక పట్టిక ఉంది. డాక్టరుకి ఇంత ఐక్యూ కావాలి, లాయరుకి ఇంత, గుమాస్తాకి ఇంత అని. ఇలాంటి పట్టికలకి తాతలాంటిది ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా సైన్యం తాను చేర్చుకున్నవాళ్లకి ఒక పరీక్ష పెట్టేది. సైన్యంలోకి రాకముందు ఎవరు ఏ పని చేసేవారో ఆ మార్కుల పక్కన పెట్టి 1945లో పరిశోధకులు ఒక లెక్క తేల్చారు. అకౌంటెంట్ల సగటు 128. లారీ డ్రైవర్లది 96. రైతులది ఇంచుమించు 93. ఇక్కడితో ఆపేస్తే కరపత్రం వాళ్లు చెప్పేదే నిజమనిపిస్తుంది.

కానీ పక్క గడిలో ఒక్కో వృత్తిలో అందరికన్నా తక్కువెంత, ఎక్కువెంత అన్నది కూడా ఉంది. లారీ డ్రైవర్లలో 149 తెచ్చుకున్నవాడున్నాడు. రైతుల్లో 147 ఉంది. అకౌంటెంట్లలో 94 వచ్చినవాడూ ఉన్నాడు. కొలబద్ద కాస్త తేడా అయినా, మా మనవరాలి అంకే అది. టీచర్లలో 76 నుంచి 155 దాకా ఉన్నారు. సొంత వృత్తి కాబట్టి ఆ 76 దగ్గర కాసేపు ఆగాను.

పైనున్నవాళ్లు అన్ని వృత్తుల్లోనూ దగ్గరదగ్గరగానే ఉన్నారు. తేడా అంతా కింది అంచుల్లో ఉంది. అకౌంటెంటు కావాలంటే గుమ్మంలోనే చదువులూ పరీక్షలూ అడ్డం ఉంటాయి. కాగితం మీద జవాబులు రాయగలిగినవాళ్లే వాటిని దాటి లోపలికి వెళ్తారు. వాళ్లకి ఇంకో కాగితం పరీక్ష పెడితే మార్కులు ఎక్కువ రావడంలో వింతేముంది? 149 వచ్చినవాడు లారీ ఎందుకు తోలుతున్నాడో ఆ పట్టిక చెప్పదు. ఇంట్లో చదివించే స్తోమత లేదేమో. లారీ అంటే ఇష్టమేమో.

సరే, ఉద్యోగంలో చేరాక పనితనానికీ ఈ స్కోరుకీ సంబంధం ఉందా? ఉంది, లేదనను. మా వర్క్‌షాపులోనూ చురుకైన కుర్రాళ్లు డ్రాయింగ్ చదవడం తొందరగా నేర్చుకునేవారు. ఆ సంబంధం ఎంత అన్నదే గొడవ. ఏ సంబంధమూ లేకపోతే 0, పూర్తిగా ఉంటే 1 అనుకుంటే, 1998లో ష్మిట్, హంటర్ అనే ఇద్దరు పరిశోధకులు 0.51 అని లెక్కగట్టారు. చాలాకాలం అందరూ అదే చెప్పుకున్నారు. 2022లో సాకెట్, ఆయనతోటివాళ్లు పాత లెక్కల్లో అంకెని పైకి సవరించడం మరీ ఎక్కువైందని మళ్లీ చూస్తే 0.31కి దిగింది. మనిషికీ మనిషికీ పనితనంలో ఉన్న తేడాలో పదో వంతుకే ఈ స్కోరు జవాబు చెబుతుందన్నమాట. అందరినీ ఒకే ప్రశ్నలు పద్ధతిగా అడిగే ఇంటర్వ్యూ ఇంతకన్నా మెరుగని తేలింది. పని చేయించి చూడడం కూడా ఈ స్కోరుకి తీసిపోలేదు. ఆ మాట చదివినప్పుడు, నిజం చెప్పొద్దూ, కాస్త గర్వంగా అనిపించింది.

నా బ్యాచుల్లో ఒకడికి సన్నని కొలతలు తీసే వెర్నియర్ రీడింగ్ నెల రోజులైనా పట్టుబడలేదు. కానీ ఆకురాయి పడితే చెప్పిన కొలత వచ్చేదాకా లేచేవాడు కాదు. ఇవాళ విజయవాడ ఆటోనగర్‌లో లేత్ వర్క్‌షాపు పెట్టుకుని ఏడుగురికి జీతాలిస్తున్నాడు. ఆ బ్యాచ్ ఫస్టు వచ్చినవాడు సూపర్‌వైజర్లతో పడక మూడు కంపెనీలు మారాడు.

స్కోరు ఎక్కువైనా చిక్కే అన్న ముచ్చట ఒకటి. అమెరికాలో న్యూ లండన్ అనే ఊళ్లో 1996లో ఒకాయన పోలీసు ఉద్యోగానికి పరీక్ష రాస్తే యాభైకి 33 వచ్చింది. 20 నుంచి 27 వచ్చినవాళ్లనే ఇంటర్వ్యూకి పిలిచారు. మరీ తెలివైనవాడికి ఈ పని విసుగుపుట్టి మానేస్తాడట! ఆయన కోర్టుకెళ్లాడు. 2000లో అప్పీలు కోర్టు కూడా ఆ నగర పాలకుల వైపే చెప్పింది.

మన సైన్యం సంగతి చూడండి. అధికారుల్ని ఎంచుకునే ఎస్ఎస్‌బీలో తెలివితేటల పరీక్ష ఉంది. అది మొదటి రోజు వడపోతలో ఒక భాగం. ఆ తర్వాత రోజుల తరబడి కథలు రాయిస్తారు, గుంపులో పనులు చేయిస్తారు, ఇంటర్వ్యూ చేస్తారు. పెద్దవాళ్లని, అదీ ఒకే ఒక్క ఉద్యోగానికి ఎంచుకోవడానికి అన్ని రోజులు కావాలి. పదమూడేళ్ల పిల్లకి మాత్రం జీవితం మొత్తానికి గంట చాలు!

ఇక వేలిముద్రలు. అవి తల్లి కడుపులో ఉండగానే ఏర్పడిపోతాయి. వాటిని బట్టి తెలివి చెప్పే ఈ ‘డీఎంఐటీ’ పరీక్షకి శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2019లోనే ప్రకటించింది. చిలక జోస్యం వాడు నయం, పది రూపాయలతో వదిలేస్తాడు.

రెండు రాష్ట్రాల విద్యాశాఖలూ ఈ విషయం పట్టించుకోవాలి. స్కూళ్లలో పిల్లల వేలిముద్రలు తీయడం ఆపించాలి. ఐక్యూ పరీక్ష పెట్టేవాళ్ల అర్హతలేమిటో ముందే తల్లిదండ్రులకి చూపించాలి. ఆ స్కోరుని బట్టి సెక్షన్లు విడగొట్టకూడదు. మా పిల్లల స్కూల్లో ఆ ఆలోచన ఉందని విన్నాను. దానికి బదులు తొమ్మిదో తరగతి పిల్లల్ని ఏడాదికి ఒక్కరోజు దగ్గర్లోని ఐటీఐకో, పాలిటెక్నిక్‌కో, ఆసుపత్రికో, బ్యాంకుకో తీసుకెళ్లి చూపిస్తే బస్సు ఖర్చుతో పోతుంది. మీరు కూడా పత్రిక మడతలో పెట్టే కరపత్రాలు ఒకసారి చదివి పెట్టించండి.

వచ్చే నెల ఏడో తరగతి వాళ్లకి కూడా ఈ పరీక్ష ఉందని స్కూలు నుంచి మెసేజ్ వచ్చింది. ఫీజు కట్టడానికి గడువు 20వ తేదీ.

ఇట్లు,
విశ్రాంత ఐటీఐ ఉపాధ్యాయుడు, తెనాలి
(మనవరాలు అదే స్కూల్లో చదువుతోంది కనుక నా పేరు వేయవద్దని మనవి)