పదో నంబరు చొక్కా గురించి శ్రీనుకి

కాన్‌స్టాంట్సా, రొమేనియా

చి॥ శ్రీనుకి బాబాయి ఆశీస్సులు.

మీ ఫుట్‌బాల్ జట్టులో ఎడమకాలి కుర్రాడికి పదో నంబరు, అంటే ఆట నడిపించేవాడి చొక్కా, ఇచ్చి స్ట్రయికర్ల వెనకాల వదిలేద్దామనుకుంటున్నానని, రొమేనియా ఆటగాడు హాజీలా ఆడించాలంటే ఏం చెయ్యాలని అడిగావు. కుర్రాడి సంగతి తర్వాత చూద్దువుగాని, ముందు వాడి కోసం పరిగెత్తేవాళ్లను ముగ్గుర్ని వెతుక్కో. గెయోర్గె హాజీ ఇరవై ఏళ్ల ఆట తిరగేస్తే కనపడేది అదే. తన చుట్టూ కట్టిన జట్టులో రాజు, లేనిచోట నలుగురిలో ఒకడు.

పుట్టింది ఈ జిల్లాలోనే, సచెలె అనే పల్లెలో, 1965 ఫిబ్రవరి 5న. ఇక్కడి ఫారుల్ క్లబ్బులో మొదలై బుకారెస్టు వెళ్లి స్పోర్తుల్ స్టూడెంత్సెస్క్‌లో చేరాడు. 1984-85లో 20 గోల్స్, మరుసటి సీజనులో 31, రెండుసార్లూ లీగ్‌లో టాప్ స్కోరర్. మిడ్‌ఫీల్డర్‌కి ఆ లెక్కేమిటో నువ్వే ఆలోచించు. 1987 ఫిబ్రవరిలో సైన్యం జట్టు స్టౌవా, ఒక్క మ్యాచ్ కోసమని ఆయన్ని అడిగి తీసుకుంది. మొనాకోలో డైనమో కీవ్ మీద యూరోపియన్ సూపర్ కప్. ఫ్రీకిక్‌తో ఆయన కొట్టిందే ఆ ఆటలో ఏకైక గోల్. ఆ తర్వాత వెనక్కి పంపితే ఒట్టు! నియంత చావుషెస్కు రోజుల్లో సైన్యం క్లబ్బుని ఎవరడుగుతారు? 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వం కూలాకే పెద్ద ఆటగాళ్లకు బయటి దేశాల తలుపులు బార్లా తెరుచుకున్నాయి. 1990లో ఆయన రియల్ మాడ్రిడ్‌కి వెళ్లాడు.

మాడ్రిడ్‌లో రెండేళ్లు, 16 లీగ్ గోల్స్. తక్కువేం కాదు, కానీ ఆ జట్టు ఆయన కోసం కట్టింది కాదు. తర్వాత ఇటలీలో బ్రెషాకి, కోచ్ మిర్చా లుచెస్కు దగ్గరికి వెళ్లాడు. 1993లో ఆ జట్టు రెండో డివిజన్‌కి పడిపోయినా వదిలి పోకుండా ఆడి, మళ్లీ పైకి తీసుకొచ్చాడు. రియల్‌లో ఆడినవాడు సీరీ బీలో, అంటే ఆ రెండో డివిజన్‌లో, ఆడటమేమిటని అప్పట్లో నవ్వినవాళ్లు 1994 వేసవిలో నోరు మూసుకున్నారు.

ఆ వేసవి ప్రపంచ కప్‌లో రొమేనియా మ్యాచ్‌లు నువ్వు తప్పకుండా చూడు, గోల్స్ ముక్కలు కాదు, పూర్తి ఆట. కోచ్ యోర్దనెస్కు ఏం చేశాడంటే, బంతిని అవతలివాళ్లకి వదిలేశాడు. వెనక బెలోదెదిచ్ స్వీపర్, అంటే డిఫెండర్లందరి వెనక కాపు కాసేవాడు, ముందర పోపెస్కు, లుపెస్కు కాపలా. బంతి దొరకగానే మొదటి పాస్ హాజీకే. ఆయన దగ్గరికి బంతి వచ్చేసరికి రదుచోయు, దుమిత్రెస్కు అప్పటికే పరుగులో ఉండాలి. కొలంబియా అంతకుముందు ఏడాది అర్జెంటీనాను బ్యూనస్ ఐరెస్‌లోనే 5-0తో కొట్టిన జట్టు. అందరూ పైకెళ్లి ఆడతారు. ఈ వల వాళ్లకి సరిగ్గా సరిపోయింది, రొమేనియా 3-1తో గెలిచింది.

34వ నిమిషంలో హాజీ గోల్ చూడు. ఎడమ గీత దగ్గర, గోల్‌కి దాదాపు 35 మీటర్ల దూరం. గోలీ కోర్దొబా క్రాస్ వస్తుందనుకుని నాలుగడుగులు ముందుకొచ్చాడు. హాజీ ఎడమకాలితో బంతిని అతని తల మీదుగా దూరపు స్తంభం వైపు దింపాడు. అదృష్టం అన్నారు కొందరు. బంతి అందకముందే గోలీ ఎక్కడున్నాడో చూసుకున్నవాడికే ఆ ఆలోచన వస్తుంది.

తర్వాత నాకౌట్‌లో అర్జెంటీనాతో ఆటకి సస్పెన్షన్ వల్ల రదుచోయు లేడు. దుమిత్రెస్కుని ముందుకి జరిపారు. రెండో గోల్‌కి హాజీ కుడివైపు డిఫెండర్లని తన మీదికి లాక్కుని సందులోంచి పాస్ ఇస్తే దుమిత్రెస్కు కొట్టాడు. మూడోదానికి దుమిత్రెస్కు ఇస్తే హాజీ కొట్టాడు, అదీ కుడికాలితో. 3-2తో గెలిచారు. క్వార్టర్‌ఫైనల్లో స్వీడన్‌తో 2-2 అయ్యాక పెనాల్టీల్లో ఓడారు. పెత్రెస్కు, బెలోదెదిచ్ కిక్కులు గోలీ రవెల్లీ ఆపేశాడు.

అంత ఆడినా బార్సిలోనాలో కుదరలేదు. దానికి కారణం లెక్కల్లో ఉంది. అప్పుడు స్పెయిన్‌లో మైదానంలో ముగ్గురే విదేశీయులు ఉండాలి. 1994-95లో స్టోయిచ్‌కోవ్, కూమన్, రొమారియో, హాజీ, నలుగురు. ఒకరు బయట కూర్చోక తప్పదు.

1996లో టర్కీ క్లబ్బు గలతాసరాయ్‌కి వచ్చేసరికి 31 ఏళ్లు. చాలామంది అయిపోయాడనుకున్నారు. కోచ్ ఫాతిహ్ తెరీమ్ ఆయన చుట్టూ ఒకన్, సుఆత్ లాంటి అలుపెరగని వాళ్లని పెట్టాడు. వరసగా నాలుగు లీగ్‌లు, 2000లో యూరప్ క్లబ్బుల పోటీ యూఈఎఫ్‌ఏ కప్. ఇంగ్లండ్ క్లబ్బు ఆర్సెనల్‌తో ఆ ఫైనల్లో అదనపు సమయం మొదట్లోనే వాళ్ల డిఫెండర్ టోనీ ఆడమ్స్‌ని కొట్టి రెడ్‌కార్డు తిన్నాడు. పది మందితో నెట్టుకొచ్చి పెనాల్టీల్లో గెలిచారు. గెలుపు కిక్ పోపెస్కుది. హాజీకి స్వయానా తోడల్లుడు! అదే వేసవి యూరోలో, అంటే యూరప్ దేశాల కప్‌లో, ఇటలీ మీద కూడా రెండో పసుపు కార్డుతో బయటికి పోయాడు. 124 మ్యాచ్‌లు, 35 గోల్స్‌తో జాతీయ జట్టు ఆట అలా ముగిసింది. కోపం కూడా ఆ చొక్కాతోనే వస్తుంది, మీ కుర్రాడి విషయంలో ఇప్పటినుంచే కనిపెట్టుకుని ఉండు.

ఇక సాధన. పాస్ వచ్చేలోగా వాడు రెండుసార్లు భుజం మీదుగా వెనక్కి చూడాలి. చూడకుండా అందుకుంటే ఆట ఆపేసి మళ్లీ పెట్టించు. లాబ్, అంటే బంతిని గోలీ తల మీదుగా ఎత్తి వేయడం, నేర్పేటప్పుడు ఆనించే కాలు బంతి పక్కన ఉండాలి, తన్నే దెబ్బ బంతి కింది భాగంలో పడాలి. ఆనించే కాలు బాగా వెనకపడితే బంతి ఆకాశానికి పోతుంది. తల తొందరగా ఎత్తితే మధ్యలో తగిలి నేరుగా గోలీ చేతుల్లోకి. ఫ్రీకిక్‌లు కుడివైపు నుంచి కొట్టించు, ఎడమకాలి బంతి లోపలికి తిరుగుతుంది. బంతి పోయాక వాణ్ని సొంత పెనాల్టీ బాక్సు దాకా పరిగెత్తించకు, అవతలి జట్టు మధ్య ఆటగాడికి పాస్ వెళ్లే దారిలో నిలబడితే చాలు. మిగతా పరుగు ఆ ముగ్గురిదీ.

హాజీ ఇక్కడే, ఊరి పక్కన ఒవిదియులో అకాడమీ, వీతొరుల్ అనే క్లబ్బు 2009లో పెట్టాడు. ఎక్కువగా కుర్రాళ్లతోనే 2016-17 లీగ్ గెలిచింది. స్టౌవా వారసులమనే ఎఫ్‌సీఎస్‌బీతో పాయింట్లు సమానమైతే, ముఖాముఖి ఫలితాల మీద తేల్చారు. తర్వాత ఫారుల్‌లో కలిసింది, 2022-23లో ఫారుల్ పేరుతో మళ్లీ గెలిచారు.

మీ కుర్రాడు కుడికాలితో ఎంత దూరం పాస్ ఇవ్వగలడో, ఆ ముగ్గురు ఎవరో ఈసారి రాయి. అన్నయ్యకి, వదినకి నమస్కారాలు చెప్పు.

మీ బాబాయి