ఈ వారం వినాల్సింది: బాబ్ మార్లే 'కాయా'

అందరికీ నమస్తే. ఈ వారం జమైకా రెగే గాయకుడు బాబ్ మార్లే, అతని బ్యాండ్ ది వెయిలర్స్ కలిసి చేసిన 1978 ఆల్బమ్ 'కాయా' వింటున్నాం. మొత్తం పది పాటలే.

1976 డిసెంబరులో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోని ఇంట్లో మార్లే మీద కాల్పులు జరిగాయి. ఆ తర్వాత లండన్ వెళ్లి 'ఎక్సోడస్' ఆల్బమ్ రికార్డ్ చేశాడు. ఆ రోజుల్లోనే 'కాయా' పాటలూ రికార్డయ్యాయి. తూటా తగిలిన మనిషి ఇంత నెమ్మదిగా, ప్రేమగా పాడతాడని ఎవరనుకుంటారు! పోరాట పాటలు వదిలేసి మెత్తబడ్డాడని అప్పట్లో విమర్శలూ వచ్చాయి. నాకైతే అది తొందరపాటు మాటే అనిపిస్తుంది. ఆల్బమ్ వచ్చిన మరుసటి నెలలోనే కింగ్‌స్టన్ శాంతి కచేరీలో రాజకీయాల్లో బద్ధశత్రువులైన జమైకా ప్రధాని మాన్లీ, ప్రతిపక్ష నేత సియాగాల చేతులు వేదిక మీద కలిపించింది ఇతనే కదా.

'ఈజ్ దిస్ లవ్' మాత్రం హెడ్‌ఫోన్స్‌లోనే వినండి, ఫోన్ స్పీకర్లో బేస్ సగం పోతుంది. ఆస్టన్ బారెట్ బేస్ గిటార్ మీదే పాటంతా నడుస్తుంది, గిటారేమో పక్కనుంచి చిన్నగా చురక వేసి తప్పుకుంటుంది. వెనక రీటా మార్లే, జూడీ మోవాట్, మార్షియా గ్రిఫిత్స్ గొంతులు. ప్రియురాలికి అతను ఇస్తానంటున్నది ఒక ఇరుకు మంచం, తలమీద ఓ ఇంటికప్పు. తిండి సంగతి దేవుడే చూసుకుంటాడట!

'షీజ్ గాన్' విన్నాక ఎలా ఉందో ఆదివారంలోపు వాయిస్ నోట్ పెట్టండి. గుడ్ మార్నింగ్ ఫోటోలు వద్దు, ప్లీజ్.