తూర్పు బెల్‌ఫాస్ట్ పిల్లలకు ఒక మైదానం ఇవ్వండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉత్తర ఐర్లండ్ కమ్యూనిటీస్ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా అమ్మాయి ఈస్ట్ బెల్‌ఫాస్ట్ జీఏఏ క్లబ్‌లో కామోగీ నేర్చుకుంటోంది. క్రీడలు మీ శాఖ కిందకే వస్తాయి కాబట్టి ఈ లేఖ మీకు రాస్తున్నాను. ఇంగ్లిష్ ప్రతి మీ ఆఫీసుకు పంపాను. ఇక్కడున్న మన తెలుగువాళ్లు కూడా చదవాలని తెలుగులోనూ పెడుతున్నాను.

మనవాళ్ల కోసం రెండు ముక్కలు. కామోగీ అంటే ఆడవాళ్లు ఆడే హర్లింగ్. చివర వెడల్పుగా ఉండే కర్రతో చిన్న బంతిని గాల్లోనే కొట్టే ఆట. మొదటిసారి చూసినప్పుడు నాకు గుండె ఆగినంత పనైంది. హెల్మెట్ తప్పనిసరి అని తెలిశాక కాస్త టెన్షన్ తగ్గింది. హర్లింగ్ లాంటి ఐర్లండ్ సంప్రదాయ ఆటలను గేలిక్ ఆటలంటారు. వాటిని కాపాడుకోవాలని 1884 నవంబరు 1న థర్లెస్ అనే ఊళ్లో, ఒక హోటల్లో, మైకేల్ కుసాక్, మారిస్ డావిన్ మరికొందరితో కలిసి గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్‌ను మొదలుపెట్టారు. అదే జీఏఏ. ఇప్పటికీ ఇందులో ఆడినందుకు జీతం ఇవ్వరు. అందరూ తమ ఊరి కోసం, తమ పేట కోసం ఆడతారు. సంక్రాంతికి మా ఊళ్లో కబడ్డీ ఆడే అన్నయ్యలు గుర్తొచ్చి, నాకు ఈ ఆట మీద ప్రేమ అక్కడే పుట్టింది.

మంత్రి గారూ, మా క్లబ్ చరిత్ర మీకు తెలిసే ఉంటుంది. అయినా ఒకసారి చెప్పనివ్వండి. తూర్పు బెల్‌ఫాస్ట్ అంటే టైటానిక్ కట్టిన ఓడల కార్ఖానా పేట, ఎక్కువగా ప్రొటెస్టెంట్లు ఉండే చోటు. గేలిక్ ఆటలు అవతలి వాళ్లవి, అంటే కాథలిక్కులవి, అనే భావన ఇక్కడ తరాలుగా ఉంది. జీఏఏ వైపు కూడా తలుపులు మూసే ఉండేవి. బ్రిటిష్ సైనికులకు, ఇక్కడి పోలీసులకు సభ్యత్వం ఇవ్వకూడదన్న నియమాన్ని జీఏఏ 2001లో గానీ తీసేయలేదు. దాదాపు 50 ఏళ్ల పాటు ఈ పేటలో ఒక్క జీఏఏ క్లబ్ కూడా లేదు.

2020లో, కోవిడ్ రోజుల్లో, సోషల్ మీడియాలో పెట్టిన ఒక చిన్న పోస్టుతో ఈ క్లబ్ పుట్టింది. కొద్ది రోజుల్లోనే వందల మంది పేర్లిచ్చారు. వాళ్లలో కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు, ఏ మతమూ పట్టనివాళ్లు, మాలాంటి వలస కుటుంబాలు అందరూ ఉన్నారు. ప్రొటెస్టెంట్ కుటుంబంలో పుట్టి, ఈ పేటలోనే ఐరిష్ భాష నేర్పుతున్న లిండా ఎర్విన్ క్లబ్ అధ్యక్షురాలయ్యారు. క్లబ్ చిహ్నం మీద ఓడల కార్ఖానా క్రేన్లున్నాయి. ఐర్లండ్ గుర్తైన షామ్‌రాక్ ఆకు, స్కాట్లండ్ గుర్తైన తిసిల్ పువ్వు, ఇక్కడి అల్‌స్టర్ ప్రాంతపు గుర్తైన ఎర్రచేయి కూడా ఉన్నాయి. ‘కలిసి’ అనే మాటను ఐరిష్, ఇంగ్లిష్, అల్‌స్టర్ స్కాట్స్ మూడు భాషల్లోనూ రాశారు. మా అమ్మాయి ఆ చిహ్నాన్ని కాగితం మీద గీసి, నాలుగోసారి తెలుగులో ‘కలిసి’ అని రాసుకుంది.

మొదటి ఏడాదే క్లబ్‌కు బాంబు బెదిరింపులు ఎదురయ్యాయి. అయినా ఆట ఆగలేదు. ఆ రోజుల్లో వెనక్కి తగ్గని వాళ్లకు నేను చేతులెత్తి దండం పెడతాను. ఈ రోజు నా బిడ్డ అక్కడ ఆడుతోందంటే వాళ్ల చలవే.

క్లబ్‌కు సొంత మైదానం లేదు. కౌన్సిల్ స్థలంలో మిగతావాళ్లతో పంచుకుంటూ ఆడాలి. ఫుట్‌బాల్ మైదానం సరిపోతుంది కదా అంటారు చాలామంది. సరిపోదు. గేలిక్ ఆటలకు కనీసం 130 మీటర్ల పొడవు, 80 మీటర్ల వెడల్పు కావాలి. గోల్‌పోస్టులు కూడా వేరే, ఇంగ్లిష్ హెచ్ అక్షరంలా ఉంటాయి. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. లైట్లు లేకపోతే బడి అయ్యాక పిల్లలు ఎప్పుడు ఆడాలి?

కౌన్సిల్‌తో మాట్లాడి, తూర్పు బెల్‌ఫాస్ట్‌లోనే పూర్తి కొలతల మైదానం ఒకటి, దానికి ఫ్లడ్‌లైట్లు మంజూరు చేయించండి. సాకర్, రగ్బీ ఆడేవాళ్ల చోటు లాక్కోమని అడగడం లేదు. వాళ్లకున్నది వాళ్లకు ఉంచి, దీనికీ జాగా చూపించమంటున్నాను. అభ్యంతరం చెప్పేవాళ్లను కూడా పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడండి. ఆ మీటింగ్‌కు నేనూ వస్తాను.

ఒకసారి పిల్లల ప్రాక్టీసుకు రండి. మా అమ్మాయి తన రెండో కర్ర మీకిస్తానంటోంది.

ఇట్లు,
ఒక కామోగీ పిల్ల తండ్రి,
బెల్‌ఫాస్ట్