పేరు లేని ఆ సీసా గురించి కలెక్టర్ గారికి

నల్లగొండ జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. మా గల్లీకి వారానికోసారి బండి మీద వచ్చే బాత్రూం యాసిడ్ గురించి రాస్తున్నాను.

మా బోరు నీళ్ల సంగతి మీకు తెలియంది కాదు. నల్లాలకు, టైల్స్‌కు తెల్లగా పెచ్చు కడుతుంది, సబ్బుతో పోదు. అందుకే ఏ ఇంట్లో చూసినా బాత్రూం మూలకు ఒక యాసిడ్ సీసా ఉంటుంది. పాత కూల్‌డ్రింక్ సీసానే. దాని మీద పేరుండదు, హెచ్చరిక ఉండదు. మూత తీస్తే పొగ వస్తుంది.

పోయిన ఎండాకాలం మా వంటింట్లో సింకు జామైంది. అమ్మ దుకాణం నుంచి డ్రైనేజీ పొడి తెప్పించి వేసింది. అరగంటైనా నీళ్లు కదల్లేదు. యాసిడ్ పోస్తే పోతుందనుకుని, ఆ సీసా తెచ్చి పొడి మీదే పోసింది. సలసల మరిగి ఒక్కసారిగా పైకి చిమ్మింది. నేను ఉరికేసరికి అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. నల్లా కింద తల పెట్టించి ఇరవై నిమిషాలు నీళ్లు పోస్తూనే ఉన్నాను. కన్ను దక్కింది. ఎడమ రెప్ప మీద, ముంజేతి మీద మచ్చలు మిగిలాయి.

ఆస్పత్రిలో డాక్టరమ్మ మొదట అడిగింది, "ఏం పోసుకున్నరమ్మా?" అని. పొడి ప్యాకెట్ మీద చీమతలకాయంత ఇంగ్లిష్ అక్షరాల్లో కాస్టిక్ సోడా అని ఉంది. సీసా సంగతి అడిగితే ఏం చెప్పగలం?

కాస్టిక్ సోడా జిడ్డును సబ్బుగా మారుస్తుంది. ఒంటికి తగిలితే ఒంట్లోని కొవ్వునూ అట్లాగే తింటుంది. మొదట చేతికి జారుడుగానే ఉంటుంది, మంట తర్వాత తెలుస్తుంది. నీళ్లు తగిలితేనే కాగే ఆ పొడి మీద యాసిడ్ పడితే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం. అదే యాసిడ్ బ్లీచింగ్‌తో కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు లేస్తుంది. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు తలుపు మూసిన చిన్న బాత్రూముల్లో ఆ రెండూ కలిపి కడుగుతున్నారు. దగ్గొస్తే మందు ఘాటుగా ఉంది, బాగా పనిచేస్తుంది అనుకుంటారు. అన్నిటికన్నా నాకు ఇదే భయం.

కొత్త చట్టం అడగడం లేదు సార్. యాసిడ్ దాడుల కేసులో 2013 జులై 18న సుప్రీంకోర్టు చెప్పిందే అడుగుతున్నాను. కొనేవాళ్ల గుర్తింపు కార్డు చూడాలి, పేరు, చిరునామా రిజిస్టర్‌లో రాయాలి, 18 ఏళ్లలోపు వాళ్లకు అమ్మొద్దు, తప్పితే 50,000 రూపాయల దాకా జరిమానా. మా గల్లీలో మాత్రం చిన్న పిల్లాడు పైసలు పట్టుకుని పోయినా సీసా చేతిలో పెడుతున్నారు.

అట్లాగని బండి అతనికి జరిమానా వేసి ఊరుకోకండి. అతని వేళ్లను కూడా యాసిడ్ తినేసింది, నా కళ్లతో చూశాను. డ్రమ్ముల్లోంచి సీసాలకు నింపే చోటికి మీ అధికారులు పోవాలి. కూల్‌డ్రింక్ సీసాల్లో పోయడం ఆగాలి, లోపల ఏముందో తెలుగులో పెద్దగా రాసి ఉండాలి. పొద్దున్నే వచ్చే చెత్తబండి మైకులో నాలుగు మాటలు చెప్పించండి: యాసిడ్, బ్లీచింగ్ కలపొద్దు, మీద పడితే నీళ్లు పోస్తూనే ఉండాలి, పిల్లలు తాగితే వాంతి చేయించకుండా ఆస్పత్రికి ఉరకాలి.

ఇప్పుడు సింకు జామైతే అమ్మ కింది వంపు పైపు విప్పి, బకెట్ పెట్టి కడుగుతోంది. ఆ సీసా మాత్రం ఇంకా సగం ఉంది, అటక మీద పెట్టాను. మోరీలో పారబోస్తే రేపు మోరీ తీసే మనిషి కాళ్ల మీద పడుతుంది. దాన్ని ఎక్కడ అప్పజెప్పాలో చెప్పండి, తెచ్చిస్తాను.

ఇట్లు,
నల్లగొండ పట్టణవాసి