షేర్ మార్కెట్‌కు దారి వాట్సాప్ గ్రూపుల్లోంచి కాదు

సంపాదకులకు నమస్కారం.

సెన్సెక్స్ ఎన్ని పాయింట్లు లేచింది, నిఫ్టీ ఎక్కడ ఆగింది అన్నది మీ వాణిజ్యం పేజీలో రోజూ వస్తోంది. మొదటి షేరు ఎలా కొనాలి, కొన్నది నిజంగా మన పేరు మీదే ఉందో లేదో ఎక్కడ చూసుకోవాలి అన్నది మాత్రం రావడం లేదు. ఆ ఖాళీలోకి వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపులు దూరాయి. కడప, ప్రొద్దుటూరు, మైదుకూరు వైపు టీచర్లు, బంగారు అంగళ్లలో పనిచేసే కుర్రవాళ్లు, కువైట్ నుంచి డబ్బు పంపేవాళ్ల కుటుంబాలు షేర్ల మీద ఆసక్తి చూపుతున్నారు. సంతోషమే. కానీ చాలామంది తప్పు వాకిట్లోంచి లోపలికి వస్తున్నారు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాయాల్సి వస్తోంది.

షేరు కొనడానికి మూడు ఖాతాలు కావాలి. డబ్బుకు బ్యాంకు ఖాతా, కొనడానికీ అమ్మడానికీ ట్రేడింగ్ ఖాతా, కొన్న షేర్లు ఉండడానికి డీమ్యాట్ ఖాతా. చివరి రెండూ బ్రోకర్ దగ్గర ఒకేసారి తెరుస్తారు. పాన్, ఆధార్, బ్యాంకు స్టేట్‌మెంట్ లేదా ‘క్యాన్సిల్డ్’ అని రాసిన చెక్కు, ఒక సంతకం, ఒక సెల్ఫీ ఉంటే చాలు. ఆధార్‌కు మొబైల్ నంబరు జతై ఉంటే ఫోన్‌లోనే ఈ-సంతకంతో పని అయిపోతుంది. మనవాళ్లకు పని ఆగేది ఎక్కువగా పేరు దగ్గరే. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా, బ్యాంకులో అసలు లేకుండా ఉంటుంది. దాంతో కేవైసీ (గుర్తింపు తనిఖీ) ‘ఆన్ హోల్డ్’లో, అంటే పెండింగ్‌లో పడుతుంది. ముందు ఈ మూడింటిలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉండేట్టు సరిచేయించుకుని, పాన్‌ను ఆధార్‌తో జత చేసి, ఆ తర్వాత దరఖాస్తు పెట్టుకోండి.

షేర్ల విలువ 4 లక్షల లోపు ఉండేవాళ్లు, తమ పేరు మీద ఒకే డీమ్యాట్ ఉంటే, బేసిక్ సర్వీసెస్ డీమ్యాట్ ఖాతాకు అర్హులు. దానికి వార్షిక రుసుము లేదు. 4 నుంచి 10 లక్షల వరకు ఏడాదికి 100 రూపాయలే. మీ ఖాతా ఆ రకమో కాదో బ్రోకర్‌ను అడగండి. నామినీ పేరు ఖాతా తెరిచిన రోజే రాయండి.

బ్రోకర్‌ను ఎంచుకునేటప్పుడు షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు చూడాలి. స్టాక్ బ్రోకర్ల నంబరు ‘ఐఎన్‌జడ్’ అక్షరాలతో, పెట్టుబడి సలహాదారులది ‘ఐఎన్‌ఏ’తో, రీసెర్చ్ అనలిస్టులది ‘ఐఎన్‌హెచ్’తో మొదలవుతుంది. వాళ్లు చూపించే సర్టిఫికెట్ ఫొటోను నమ్మకుండా సెబీ వెబ్‌సైట్‌లో మనమే వెతకాలి. డబ్బు పంపే చోట 2025 అక్టోబరు నుంచి ఇంకో రక్షణ వచ్చింది. నమోదైన బ్రోకర్ల యూపీఐ ఐడీలో ఎట్ గుర్తు తర్వాత ‘వ్యాలిడ్’ అన్న మాట, దాని వెనకే బ్యాంకు పేరు ఉంటాయి. చెల్లించేటప్పుడు ఆకుపచ్చ త్రికోణంలో పైకెత్తిన బొటనవేలు (థంబ్స్ అప్) గుర్తు కనిపిస్తుంది. ‘సెబీ చెక్’ అనే సదుపాయంలో ఆ ఐడీనీ, బ్యాంకు ఖాతా నంబరునూ సరిచూసుకోవచ్చు. ఎవరో వ్యక్తి పేరు మీద ఉన్న ఖాతాకో, సంబంధం లేని ట్రేడర్స్ కరెంట్ ఖాతాకో డబ్బు వేయమన్నారంటే అక్కడితో ఆపేయండి. అది మార్కెట్ కానే కాదు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఖాతాలో ఉండే మొబైల్ నంబరు, ఈమెయిల్ మీవే అయి ఉండాలి. ‘నేను చూసుకుంటాలే అన్నా’ అంటూ తన ఈమెయిల్ పెట్టే ఏజెంట్లు ఉన్నారు. షేర్లు అమ్మాలంటే మామూలుగా డిపాజిటరీ (మన షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరిచే సంస్థ) పంపే టీ-పిన్ అనే రహస్య సంఖ్య, ఓటీపీ కావాలి. ప్రతి లావాదేవీకీ ఎక్స్ఛేంజీ (ఎన్ఎస్ఈ, బీఎస్ఈ లాంటి షేర్ల సంత) నుంచి సందేశం వస్తుంది. 24 గంటల్లోపు బ్రోకర్ కాంట్రాక్ట్ నోట్ (ఆ రోజు కొన్నవాటికీ అమ్మినవాటికీ రసీదు) పంపాలి. ఇవన్నీ ఇంకొకరి ఫోన్‌కు పోతుంటే మీ ఖాతాలో ఏం జరుగుతోందో మీకే తెలియదు.

కువైట్, సౌదీల్లో ఉన్నవాళ్ల విషయం వేరు. ఉద్యోగానికి విదేశం వెళ్లినవాళ్లు ఇక్కడి మామూలు డీమ్యాట్‌ను అలాగే కొనసాగించకూడదు. దాన్ని ఎన్ఆర్ఐ ఖాతాగా మార్పించుకుని, ప్రవాసులకు బ్యాంకులు ఇచ్చే ఎన్ఆర్ఈ లేదా ఎన్ఆర్ఓ ఖాతాతో జత చేయాలి. ఇంట్లోవాళ్లు ఆయన ఫోన్ పట్టుకుని ఆయన పేరు మీద కొనుగోళ్లు చేయడం సరికాదు.

ఖాతా తెరిచాక మొదటి ఆర్డర్. మార్కెట్ ఉదయం 9.15 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు నడుస్తుంది. కొత్తవాళ్లు మొదటి పావుగంట ఆగితే మంచిది, రేట్లు అప్పుడే ఎక్కువ ఊగుతాయి. ఆర్డర్ తెరపై మూడు చోట్ల చూపు నిలపాలి. మొదటిది, ‘డెలివరీ’నా ‘ఇంట్రాడే’నా అన్నది. ఇంట్రాడే నొక్కితే సాయంత్రం మార్కెట్ మూసేలోపు బ్రోకరే అమ్మేస్తాడు, షేరు మీ చేతికి రాదు. ‘కొని పెట్టుకున్న షేరు మాయమైంది’ అని వచ్చేవాళ్లలో చాలామందిది ఈ పొరపాటే. రెండోది, ‘మార్కెట్’ ఆర్డరా ‘లిమిట్’ ఆర్డరా అన్నది. లావాదేవీలు పలుచగా ఉండే షేరుకు మార్కెట్ ఆర్డర్ పెడితే ఎదుటివాడు ఎంత అడిగితే అంతకు కొనేసినట్టే. 400 రూపాయల షేరును 400కు మించి కొనకూడదనుకుంటే లిమిట్‌లో 400 అని కొట్టండి. ఆ రేటు రాకపోతే ఆర్డర్ సాయంత్రానికి రద్దవుతుంది, నష్టమేమీ లేదు. మూడోది, ‘ఎంటీఎఫ్’ లేదా ‘నాలుగు రెట్లు కొనండి’ అన్న బొత్తాం. అది బ్రోకర్ ఇచ్చే అప్పు. రోజువారీ వడ్డీ పడుతుంది. రేటు పడితే ఇంకా డబ్బు కట్టమంటారు, కట్టకపోతే షేర్లు అమ్మేస్తారు. కొత్తవాళ్లు దాని జోలికి పోకూడదు.

ఈరోజు కొన్న షేరు తర్వాతి పనిదినానికి డీమ్యాట్‌లో చేరాలి. 2023 జనవరి 27 నుంచి అన్ని షేర్లకూ ఇదే పద్ధతి. చేరిందో లేదో బ్రోకర్ యాప్‌లో మాత్రమే చూస్తే చాలదు. దొంగ యాప్‌లు లాభాలను ఎంత బాగా చూపిస్తాయంటే, డబ్బు వెనక్కి తీసుకోబోయేదాకా అనుమానమే రాదు. తీసుకోబోతే ‘ముందు పన్ను కట్టండి’ అంటారు. డీమ్యాట్ ఖాతా సీడీఎస్ఎల్ అనే డిపాజిటరీలో ఉంటే నంబరు 16 అంకెలు, ఎన్ఎస్‌డీఎల్ అనే డిపాజిటరీలో ఉంటే ‘ఐఎన్’ తర్వాత 14 అంకెలు. సీడీఎస్ఎల్ ‘ఈజీ’, ఎన్ఎస్‌డీఎల్ ‘ఐడియాస్’ సదుపాయాల్లో నమోదు చేసుకుంటే మీ షేర్లను డిపాజిటరీ దగ్గరే నేరుగా చూసుకోవచ్చు. అక్కడ కనిపించని షేరు మీది కాదు.

ఖర్చుల లెక్క ఒకటి చూపిస్తాను. 400 చొప్పున 10 షేర్లు, 4,000 రూపాయలు. బ్రోకరేజీ ఆర్డర్‌కు 20 అనుకుందాం, దానిపై 18 శాతం జీఎస్టీ 3.60. సెక్యూరిటీల లావాదేవీ పన్ను 0.1 శాతం, అంటే 4 రూపాయలు. స్టాంపు డ్యూటీ 0.015 శాతం, 60 పైసలు. ఎక్స్ఛేంజీ, సెబీ రుసుములు పైసల్లోనే. మొత్తం 28 దాటింది. అవే షేర్లను 420కి అమ్మితే మళ్లీ బ్రోకరేజీ, జీఎస్టీ, లావాదేవీ పన్ను, వాటికి తోడు డీపీ ఛార్జీ, అంటే షేర్లను డీమ్యాట్‌లోంచి బయటికి పంపినందుకు తీసుకునే రుసుము. ఈ డీపీ ఛార్జీ ఎన్ని షేర్లు అమ్మినా, ఆ రోజు ఆ కంపెనీకి ఒక్కసారే పడుతుంది. బ్రోకర్‌ను బట్టి మారుతుంది కానీ జీఎస్టీతో 17 రూపాయలని వేసుకోండి. కాగితం మీది 200 లాభంలో చేతికొచ్చేది సుమారు 125. డెలివరీకి బ్రోకరేజీ తీసుకోని బ్రోకర్లూ ఉన్నారు. వాళ్ల దగ్గరైనా వంద రూపాయల షేరు ఒక్కటి కొని ఒక్కటి అమ్మితే డీపీ ఛార్జీ ఒక్కటే ఆరో వంతు మింగుతుంది. చిన్న మొత్తాలను మాటిమాటికీ తిప్పితే మిగిలేది ఏమీ ఉండదు.

ఇక ఏది కొనాలి? ఏ కంపెనీ పేరూ నేను చెప్పను. మొదటి ఏడాది కంపెనీలను వెతకడం మాని, నిఫ్టీ 50 సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్‌లో నెలకు 500 చొప్పున వేయడమో, అదే సూచీ ఈటీఎఫ్‌ను (షేరులా ఎక్స్ఛేంజీలో కొనే ఫండ్‌ను) కొనడమో చేస్తే 50 పెద్ద కంపెనీల్లో కాస్తకాస్త వాటా వస్తుంది. ఈటీఎఫ్ అయితే లావాదేవీలు బాగా జరిగేదాన్ని చూసుకుని లిమిట్ ఆర్డరే పెట్టాలి. దాంతోపాటు ఒకటి రెండు కంపెనీల నివేదికలు చదవడం అలవాటు చేసుకోవచ్చు.

మన చుట్టూ కనిపించే కంపెనీల మీద మక్కువ సహజం. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీని చూసి ఆ షేరు కావాలంటారు. కియా ఇండియా మన ఎక్స్ఛేంజీల్లో లిస్ట్ కాలేదు, మాతృసంస్థ షేర్లు దక్షిణ కొరియాలో ట్రేడవుతాయి. ‘లిస్ట్ కాకముందే ఇప్పిస్తాం’ అని ఎవరైనా వస్తే నమ్మొద్దు. తాడిపత్రి దగ్గర ఫ్యాక్టరీ ఉన్న అల్ట్రాటెక్, జమ్మలమడుగు దగ్గర ఫ్యాక్టరీ ఉన్న దాల్మియా లిస్టయినవే. అయినా ఫ్యాక్టరీ మన దారిలో ఉండడం షేరు కొనడానికి కారణం కాదు. సిమెంటు కంపెనీ అయితే బొగ్గు, కరెంటు, రవాణా ఖర్చులు ఎంత, టన్నుకు ఎంత మిగులుతోంది, అప్పు ఎంత అన్నవి చూడాలి. ఏ కంపెనీకైనా మూడు నెలలకోసారి ఫలితాలు, ప్రమోటర్ల (కంపెనీని స్థాపించి నడిపేవాళ్ల) వాటా వివరాలు ఎన్ఎస్ఈ, బీఎస్ఈ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. లాభం కనిపిస్తూ వ్యాపారం నుంచి చేతికొచ్చే నగదు మాత్రం ఏటా తక్కువగా ఉంటే, ప్రమోటర్లు తమ షేర్లను తాకట్టు పెట్టి ఉంటే, కొత్తవాళ్లు దూరంగా ఉండాలి.

‘ఐదు రూపాయల షేరు చవక’ అన్న భ్రమ మరీ ప్రమాదం. సెంట్ల లెక్కన అమ్మినంత మాత్రాన పొలం చవకైపోదు కదా. షేరు రేటును మొత్తం షేర్ల సంఖ్యతో గుణిస్తే వచ్చేదే కంపెనీ విలువ. చిన్న షేర్లను కొందరు కలిసి రోజూ అప్పర్ సర్క్యూట్‌కు (ఒక రోజులో పెరగనిచ్చే గరిష్ఠ హద్దుకు) లేపి, గ్రూపుల్లో ‘టిప్’ వదిలి, మనం కొనగానే వదిలించుకుంటారు. ఆ తర్వాత రోజూ లోయర్ సర్క్యూట్, అంటే పడనిచ్చే కనిష్ఠ హద్దు. అమ్ముదామంటే కొనేవాడే ఉండడు.

ఫ్యూచర్స్, ఆప్షన్స్ (షేర్లు, సూచీల రాబోయే రేట్ల మీద వేసే ఒప్పందాలు) గురించి సెబీ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన అధ్యయనం ప్రతి ఇంట్లో తెలియాలి. 2021–22 నుంచి 2023–24 వరకు మూడేళ్లలో అందులో దిగిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. సగటు నష్టం ఖర్చులతో కలిపి మనిషికి సుమారు 2 లక్షలు. కాలేజీ పిల్లలు వారం వారం గడువు తీరే ఆప్షన్లతో మొదలుపెట్టడం చూస్తే బాధేస్తుంది. ఖాతా తెరిచేటప్పుడు ఆ విభాగానికి ఆదాయ రుజువు అడుగుతారు. అది ఇవ్వకుండా వదిలేయండి.

నిఖార్సయిన షేర్లూ పడతాయి. 2020 జనవరిలో 12,300 దాటిన నిఫ్టీ మార్చి 23న 7,610 దగ్గర ముగిసింది. నవంబరుకల్లా మళ్లీ పాత స్థాయికి వచ్చింది. ఆ ఎనిమిది నెలలు ఆగగలిగినవాళ్లు నష్టపోలేదు. బంగారం కుదువపెట్టి తెచ్చిన డబ్బుతో, కూతురి ఫీజు డబ్బుతో, పంట పెట్టుబడితో కొన్నవాళ్లు ఆగలేరు. కనీసం ఐదేళ్లు అవసరం పడని డబ్బే పెట్టాలి.

పన్ను విషయం క్లుప్తంగా. ఏడాదిలోపు అమ్మితే లాభంపై 20 శాతం, ఏడాది దాటాక అమ్మితే ఆ సంవత్సరపు లాభంలో 1.25 లక్షలు దాటిన దానిపై 12.5 శాతం. కొత్త విధానంలో 12 లక్షల వరకు పన్ను లేదన్న రిబేటు ఈ లాభాలకు వర్తించదు. ఇది తెలియక రిటర్నుల్లో తప్పులు పడుతున్నాయి. నష్టం వస్తే గడువులోపు రిటర్ను వేస్తేనే దాన్ని 8 ఏళ్ల వరకు ముందుకు తీసుకెళ్లే వీలుంటుంది.

మోసపోతే సిగ్గుపడి ఊరుకోవద్దు. డబ్బు పంపిన వెంటనే అనుమానం వస్తే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేయాలి. మొదటి గంటల్లో చేస్తే అవతలి ఖాతాలో డబ్బును ఆపే అవకాశం ఎక్కువ. నమోదైన బ్రోకర్‌తోనే పేచీ వస్తే ముందు ఆ బ్రోకర్‌కే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, పరిష్కారం దొరక్కపోతే సెబీ ‘స్కోర్స్’ పోర్టల్‌లో వేయాలి. సెబీ ఉచిత ఫోన్ నంబరు 1800 22 7575.

మీకు నా విన్నపం రెండు ముక్కల్లో. సూచీల పట్టిక కింద రెండు వరుసల చోటిచ్చి ఈ రెండు నంబర్లూ రోజూ వేయండి. వారానికి ఒక్కసారి పావు పేజీలో ఒక కాంట్రాక్ట్ నోట్‌నో, ఒక కంపెనీ త్రైమాసిక ఫలితాన్నో తీసుకుని వరుసవారీగా తెలుగులో విప్పి చెప్పే శీర్షిక మొదలుపెట్టండి.

— ఒక పన్ను సలహాదారు,
ఎర్రముక్కపల్లె, కడప