‘ఓకే’ పక్కన ‘రీసెట్’ వద్దు

సంపాదకులకు నమస్కారం.

తెనాలిలో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు మా పని. మేం వాడే పేజీ మేకప్ సాఫ్ట్‌వేర్‌కు ఈమధ్య కొత్త వెర్షన్ వచ్చింది. దాని సెట్టింగ్స్ విండోలో బటన్లు పెట్టిన తీరు గురించే ఈ ఉత్తరం. రోజంతా మౌస్ పట్టుకుని కూర్చునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

విండో అడుగున ‘రీసెట్’, ‘ఓకే’, ‘క్యాన్సిల్’ మూడూ ఒకే సైజులో, ఒకే రంగులో, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. పాత వెర్షన్‌లో ‘ఓకే’ ఉన్న చోటికి ఇప్పుడు ‘రీసెట్’ వచ్చింది. మా దగ్గర పనిచేసే అమ్మాయి చేతి అలవాటు కొద్దీ అక్కడే నొక్కింది. ‘చెరిపెయ్యమంటారా?’ అని ఒక్క మాట కూడా అడగలేదా సాఫ్ట్‌వేర్. పేపర్ సైజులు, మార్జిన్లు, కీబోర్డు లేఅవుట్, మా ప్రింటర్‌కు తగ్గట్టు సరిచేసుకున్న రంగులు అన్నీ పోయాయి. అసలే మాఘమాసం రద్దీ, పెళ్లివారు ఎదురుగా కూర్చుని ఉన్నారు. ఆ పిల్ల టెన్షన్‌తో ఏడ్చేసింది. తప్పు ఆమెది కాదు, ఆ బటన్ అక్కడ పెట్టినవాళ్లది. ఫ్యాన్ స్విచ్ పక్కనే అదే సైజులో ఇల్లంతటికీ మెయిన్ స్విచ్ బిగిస్తే ఎవరిని తప్పుపడతాం?

విండోస్‌లో ఏళ్లుగా ‘ఓకే, క్యాన్సిల్, అప్లై’ అన్న వరసే. ఆపిల్ వాళ్ల మ్యాక్‌లో ‘ఓకే’ లాంటి అసలు బటన్ కుడి చివర, దానికి ఎడమ పక్కన క్యాన్సిల్. లినక్స్‌లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్ కూడా 2002లో మ్యాక్ దారే పట్టింది. ఏది మేలన్న వాదన నాకు వద్దు. ఏ సిస్టమ్ మీద నడిచే సాఫ్ట్‌వేర్ ఆ సిస్టమ్ వరసే పాటించాలి, వెర్షన్ మారినప్పుడల్లా బటన్లను అటూ ఇటూ జరపకూడదు.

చిన్నగా, దూరంగా ఉన్నదాన్ని అందుకోవడానికి చేతికి ఎక్కువ సమయం పడుతుందని పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే ప్రయోగాలు చేసి చూపించారు. మరి మాటిమాటికీ నొక్కే ‘ఓకే’ పెద్దగా, చేతికి అందేలా ఉండాలి. ఎప్పుడో అవసరమయ్యే ‘రీసెట్’ దూరంగా ఎడమ మూలన ఉండాలి. మ్యాక్‌లో చాలాకాలం ‘సేవ్ చేయవద్దు’ అనే బటన్‌ను ‘సేవ్’, ‘క్యాన్సిల్’ రెండింటికీ ఎడంగా ఉంచింది ఇందుకే అనుకుంటాను.

తెలుగు మెనూ పెట్టుకుంటే ఇంకో బాధ. బటన్ ఎత్తు ఇంగ్లిషు అక్షరాలకే సరిపడా ఉండి, కింద వత్తులు తెగిపోతున్నాయి.

సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారికి నా విన్నపం. ‘రీసెట్’ నొక్కితే ఏమేం పోతాయో ముందే చెప్పి అడగండి. అలా అడిగినప్పుడు ఎంటర్ కొడితే క్యాన్సిల్ అయ్యేలా చూడండి. సెట్టింగ్స్‌ను ఫైలుగా దాచుకునే వీలు కల్పించండి. కొత్త వెర్షన్ విడుదల చేసేముందు ఒక పూట ఏదైనా డీటీపీ సెంటర్‌లో కూర్చుని, ఆపరేటర్ల చేతులు ఎటు వెళ్తున్నాయో గమనించండి. మా సెంటర్‌కు వచ్చినా సంతోషమే.

– డీటీపీ సెంటర్ నిర్వాహకుడు, తెనాలి